నాలుగు మెట్లు గొడ్డలి, ఒక మెట్టు చెయ్యి

విజయనగరం, మూడు లాంతర్ల దగ్గర
షరీఫ్ జిరాక్సు షాపు మీది గది.
ఆదివారం షట్టరు సగం దించి
మేం నలుగురం రాక్షసుల్ని చంపుతాం.

రాక్షసులంటే చింతపిక్కలు.
డ్రాగన్ అంటే మూత పోయిన ఫెవికాల్ డబ్బా.
ఇరవై ముఖాల పాచిక మాత్రం అసలుది.
ఒక మూల అరిగింది,
ఏడు ఎక్కువ పడుతుందని కామేశం అనుమానం.

నేను గండ్రమ్మని.
ఆరడుగుల మనిషిని, తలకి మించిన గొడ్డలి.
మొదటి రోజే అడిగారు అందరూ:
"నువ్వు పెద్దాసుపత్రిలో నర్సువే కదా,
వైద్యం చేసే పూజారి వేషం నువ్వే కట్టు."
కట్టనన్నాను.
వారానికి ఆరు రాత్రులు కడుతున్నది అదే.
సెలైన్ సీసాలు మార్చి
నరం దొరకని చేతుల్ని తట్టి తట్టి
"సిస్టర్" అన్న పిలుపుకి
నిద్రలో కూడా లేచి నిలబడేదాన్ని.
ఏడో రాత్రయినా నన్ను నరకనివ్వండి.

నరికాను.
వంతెన కింద ముగ్గుర్ని, ఉప్పుగనిలో ఆరుగుర్ని,
లొంగిపోతానన్న ఒకణ్ణి కూడా,
ఆ రోజు హెడ్ నర్సు మీద కోపంతో.
నాలుగు మెట్లెక్కాను.
ఇంకొక్క మెట్టెక్కితే
ఒక్క ఊపుకి రెండు వేట్లు.
జీతం రాకముందే ఖర్చు రాసుకున్నట్టు
కాగితం అంచున పెన్సిల్‌తో రాసి పెట్టుకున్నాను.

ఆ ఆదివారం వాన.
గుహలో మా ముందు కాగడా పట్టుకు నడిచే కుర్రాడు,
రోజుకి రెండు వెండి నాణేల కూలి,
వాడికి మేం పేరు కూడా పెట్టలేదు.
గోడలోంచి బల్లెం వచ్చింది.
ఆట నడిపే పోలిరాజు
అట్ట తెర వెనక నుంచి
గొంతు తగ్గించి అడిగాడు:
"పడిపోయాడు. తొడ దగ్గర రక్తం. ఏటి సేస్తారు?"

తొడ దగ్గర.
ఎక్కడ నొక్కాలో నాకు తెలుసు.
ఎంతసేపు, ఎంత గట్టిగా,
ఏ గుడ్డ, ఏ ముడి.
నా చేతులు బల్ల మీద అప్పటికే కదిలాయి.
"నొక్కుతున్నాను" అన్నాను.
పోలిరాజు నా కాగితం చూశాడు.
"నీకు తెల్సు. గండ్రమ్మకి తెల్దు కదా"
తప్పు చేసినవాడిలా అన్నాడు.
నా చేతులకి తెలిసింది
నా కాగితానికి తెలీదు.
పాచిక వేశాను.
నాలుగు.
కాగడా నీళ్లలో పడి ఆరిన చప్పుడు
పోలిరాజు నోటితోనే చేశాడు.
పకోడీల పొట్లం మీదికి ఎవరి చెయ్యీ పోలేదు.

తర్వాతి వారం మెట్టెక్కే రోజు.
"రెండో వేటు!" అని షరీఫ్ నాకోసం చప్పట్లు కొట్టాడు.
నేను రబ్బరుతో అంచు తుడిచి
గొడ్డలి నాలుగు పక్కన
పూజారి ఒకటి అని రాశాను.

"ఏటే గుంటా, మతి పోయిందేటి?
అందిన వేటు ఒగ్గేస్తావా?"
పార్సిల్ ఆఫీసు రసీదు వెనక
లెక్కలు కట్టి చూపించాడు కామేశం.
సగటు దెబ్బ ఎంత తగ్గుతుందో,
పదో మెట్టు నాటికి ఎంత వెనకబడతానో,
ఆ ఒక్క మెట్టుతో మానేది
బ్లేడు గాటుకి ఎక్కువ, కత్తిపోటుకి తక్కువ.
"రెంటికీ చెడ్డ రేవడివవుతావు."
లెక్క తప్పేం కాదు.
రసీదు మడిచి ఉంచుకున్నాను.

పోలిరాజు ఒక్కటే అడిగాడు:
"ఏ దేవుడు?"
అది నేను ఆలోచించలేదు.
పుస్తకంలో సూర్యుడున్నాడు, సముద్రముంది,
యుద్ధానికి ముగ్గురున్నారు.
"కాగడా కుర్రాడు" అన్నాను.
షరీఫ్ నవ్వబోయి ఆగాడు.
పోలిరాజు చాలాసేపు పేజీలు తిప్పి
పుస్తకం మూసేశాడు.
"పేరు పెట్టాల మరి."

ఎనిమిదింటికి డ్యూటీ.
తడి రోడ్డు మీద స్కూటీ, కోట గోడ పక్కన గేదెలు.
వార్డులో ఒక్కో మంచం దగ్గర ఆగి
కేసుషీటు మీద పేరు చదివాను.
ఏదీ వాడికి సరిపోలేదు.
థర్మామీటరు కోసం జేబులో చెయ్యి పెడితే
చింతపిక్క ఒకటి తగిలింది.
ఎవడో రాక్షసుడు.
చంపడం మర్చిపోయాం.